శెట్టిగారి చీటీ లెక్క: మీ నెల సరుకులు ఏం చెబుతున్నాయో చూసుకోండి

పొన్నూరులో 31 ఏళ్లు పచారీ కొట్టు నడిపాను. ఒకటో తారీకు దాటగానే సరుకుల చీటీలు వచ్చేవి. నోటు పుస్తకంలో చింపిన కాగితం మీద కొన్ని, పాత శుభలేఖ వెనకాల కొన్ని, ఈమధ్య వాట్సాప్‌లో కొన్ని. పేరు చూడకుండానే అది ఎవరింటి చీటీయో చెప్పేవాణ్ణి. పంచదార ఐదు కిలోలు రాసే ఇల్లు ఏదో, పామాయిల్ ప్యాకెట్లు ఎనిమిది అడిగే ఇల్లు ఏదో నాకు కంఠతా వచ్చు. మా ఇంటికి మాత్రం చీటీ ఉండేది కాదు. కొట్టు మనదే కదా, కావలసింది మా ఆవిడ వచ్చి తీసుకెళ్లేది.

54వ ఏట ఓ మధ్యాహ్నం కాటా ముందు నిలబడి ఉండగా కళ్లు తిరిగాయి. బీపీ చూస్తే 170/100. డాక్టరుగారు మాత్ర రాసి, ఉప్పు తగ్గించమన్నారు. "మా ఇంట్లో తక్కువేనండీ" అన్నాను. ఆయన నవ్వి, "తక్కువంటే ఎంతండీ?" అని అడిగారు. తూకం వేసి బతికినవాణ్ణి, ఆ ప్రశ్నకు నా దగ్గర అంకె లేదు.

ఆ నెల నుంచి మా ఇంటికీ ఓ పద్దు తెరిచాను. మీరు కూడా ఇలా చేసి చూడండి.

గత మూడు నెలల చీటీలో బిల్లులో ముందేసుకోండి. ఒక్క నెల చాలదు, పండగ వచ్చినా చుట్టాలు దిగినా లెక్క తప్పుతుంది. ఒక్కో సరుకు మూడు నెలలది కూడి, 90తో భాగించి, మళ్లీ ఇంట్లో తినేవాళ్ల సంఖ్యతో భాగించండి. చంటిపిల్లల్ని అరమనిషి కింద వేసుకోండి. మనిషికి రోజుకు ఎన్ని గ్రాములో తేలుతుంది. దాన్ని పోల్చుకోవడానికి హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనలు ఉన్నాయి. నలుగురున్న ఇంటికి నెలకు ఎంతో నేనే కట్టి పెట్టాను, కింద చెబుతాను.

ముందు ఉప్పు. మనిషికి రోజుకు 5 గ్రాములు మించొద్దన్నారు, అంటే సుమారు ఒక టీస్పూను. నలుగురికి నెలకు 600 గ్రాములు. మా ఇంట్లో నేను, మా ఆవిడ, అబ్బాయి, మా అమ్మ. నెలకు కిలోన్నర పోతోందని తేలింది. భాగిస్తే మనిషికి 12 గ్రాముల పైనే. ఇందులో వేసవి పచ్చళ్ల ఉప్పు లేదు, అది వేరే పద్దు. ఆవకాయ, మాగాయ, గోంగూర కలిపి ఏటా రెండున్నర కిలోల ఉప్పు. ఏడాదికి పంచితే మనిషికి రోజుకు ఇంకో గ్రామున్నర దాటుతుంది. కడుగుళ్లకు పోయింది, ఊటలో మిగిలింది తీసేసినా పెట్టిన హద్దుకు రెండింతలు. "తక్కువేనండీ" అన్నది దాన్ని!

ఉప్పు ఒంట్లో ఏం చేస్తుందో పచ్చడి పట్టేవాళ్లకు చెప్పక్కర్లేదు. మాగాయ ముక్కలకు ఉప్పు పట్టిస్తే ఊట దిగుతుంది కదా, ఉప్పు నీటిని లాగుతుంది. ఒంట్లో ఉప్పు ఎక్కువైతే దాంతోపాటు నీరు కూడా నిలిచి, రక్తనాళాల్లో రక్తం పరిమాణం పెరుగుతుంది. అదే గొట్టంలో ఎక్కువ నీరు తోసినట్టు. నొప్పి ఉండదు, ఏళ్ల తరబడి తెలియదు. ఈలోపు గుండె, కిడ్నీలు, మెదడులోని సన్న నాళాలు ఆ ఒత్తిడిని మోస్తుంటాయి.

మేం తగ్గించిన పద్ధతి ఇది. ఒకటో తారీకున వంటింటి ఉప్పు తూచి ఒకే డబ్బాలో పోసి, మూత మీద తేదీ రాశాం. మొదటి నెల కిలో, తర్వాత రెండు నెలలకోసారి వంద గ్రాముల చొప్పున కోత. ఒక్కసారే సగం చేస్తే ఇంట్లో యుద్ధమే, మా అమ్మ రెండో రోజే కంచం పక్కన ఉప్పు గిన్నె పెట్టించుకుంది. మెల్లగా తగ్గిస్తే కొన్ని వారాల్లో నాలుకే అలవాటు పడుతుంది. డబ్బా 22వ తారీకుకే ఖాళీ అయితే ఎక్కడ పోతోందో వెతకండి. మా ఇంట్లో దొరికినవి: మజ్జిగలో ఉప్పు, చపాతీ పిండిలో ఉప్పు, దోసె పిండిలో వేసి మళ్లీ చట్నీలో వేసిన ఉప్పు. మజ్జిగకు నిమ్మరసం, అల్లం, కరివేపాకు చాలు. కూరల్లో చింతపండు, మామిడికాయ పులుపు కాస్త పెంచితే ఉప్పు తగ్గిన సంగతి తెలియదు. మొదట్లోనే కాకుండా, దించేముందు వేస్తే తక్కువతో రుచి తెలుస్తుంది. ఇది మా ఆవిడ కనిపెట్టింది.

పచ్చడి మానమని నేను చెప్పను, గుంటూరు జిల్లా వాణ్ణి, ఏ మొహం పెట్టుకుని చెబుతాను? మా ఇంటి ఆవకాయకు ముక్కలు మూడు కిలోలు, కారం, ఉప్పు, ఆవపిండి అరకిలో చొప్పున, నూనె కిలో. మొత్తం ఐదున్నర కిలోలు, అందులో పదకొండో వంతు ఉప్పు. అంటే 22 గ్రాముల ఆవకాయలో 2 గ్రాములు. ముక్కతో కలిపి ఒక చెంచాడు వేసుకుంటే అంతే వస్తుంది. కాబట్టి మా ఇంట్లో ఇప్పుడు రోజుకు ఒక్క పూటే పచ్చడి, ఆ పూట పప్పులో ఉప్పు సగం. అప్పడం, ఊరమిరపకాయలు, వడియాలు కూడా పచ్చడి ఖాతాలోకే వస్తాయి. ఆవకాయ ఉన్న పూట అవి ఉండవు.

రెండు మాటలు ఉప్పు అమ్మినవాడిగా. గులాబీ ఉప్పు ఎంతో ఖరీదుకు అమ్మాను. బీపీ విషయానికొస్తే అదీ ఉప్పే. సోడియం తగ్గించి పొటాషియం కలిపిన ప్యాకెట్లు కూడా వస్తున్నాయి. అవి నిజంగా పనికొస్తాయి కానీ, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు, కొన్ని రకాల బీపీ మాత్రలు వేసుకునేవాళ్లు డాక్టరును అడగకుండా ముట్టుకోకూడదు, పొటాషియం ప్రమాదం కావచ్చు.

ఇక బియ్యం, పప్పు. ఈ రెండూ కలిపి చూడాలి. ఆ సూచనల్లో బియ్యం, గోధుమ, రవ్వ, చిరుధాన్యాలు అన్నీ కలిపి మనిషికి రోజుకు 250 గ్రాములు. నలుగురికి నెలకు 30 కిలోలు. బస్తా ఒకటి, పైన నాలుగు కిలోల గోధుమపిండి, రవ్వ అంటే అయిపోయింది. (బస్తా ఇప్పుడు 26 కిలోలు. 2022లో 25 కిలోల వరకు ప్యాక్ చేసిన బియ్యం మీద జీఎస్టీ పడ్డాక మిల్లులవాళ్లు ఒక కిలో కలిపి తప్పించుకున్నారు.) పప్పులు, గుడ్లు, మాంసం, చేపలు కలిపి రోజుకు 85 గ్రాములు. నలుగురికి పది కిలోల పైమాట. శాకాహారులైతే అంతా పప్పులే. నా కొట్లో చీటీల్లో కందిపప్పు రెండు, మినప్పప్పు ఒకటి, పెసరపప్పు, శనగపప్పు అరకిలో చొప్పున. నాలుగు కిలోలు! బియ్యం బస్తా మీద ఇంకో పది కిలోలు కొనే ఇల్లే పప్పు తక్కువ కొనేది. కారణం పప్పు ధరే, దాన్ని తప్పనను. కానీ అన్నం గుట్టలా పెట్టుకుని పప్పు మధ్యలో గుంట చేసి పోసుకుంటే, రక్తంలో చక్కెర గబగబా ఎక్కుతుంది. 2023లో వెలువడిన భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) దేశవ్యాప్త అధ్యయనంలో పెద్దవాళ్లలో 11.4 శాతం మందికి మధుమేహం, మరో 15.3 శాతం మంది దాని అంచున ఉన్నట్టు తేలింది.

"శెట్టిగారూ, తెల్లగా, సన్నగా ఉండే పాత బియ్యం ఇవ్వండి" అని అడగని ఇల్లు లేదు. పక్కనే బాపట్లలో 1986లో విడుదలైన బీపీటీ 5204, అదే మన సాంబమసూరి, అన్ని ఇళ్లలోనూ అదే. రకంలో తప్పులేదు, పాలిష్‌లోనే ఉంది చిక్కు. తవుడుతో పాటు పీచు, బి1 విటమిన్ పోతాయి. తార్నాక సంస్థ పుట్టిందే ఈ గొడవ మీద. 1918లో తమిళనాడులోని కూనూరులో ఒక గదిలో, బెరిబెరి జబ్బు మీద పరిశోధనకు మొదలైంది. ఆ జబ్బుకు కారణం బి1 లోపం. మీరు దంపుడు బియ్యానికి మారలేకపోతే తక్కువ పాలిష్ అడగండి, చాలా కొట్లలో దొరుకుతాయి. వాటికి పురుగు త్వరగా పడుతుంది, నెలకు సరిపడానే కొనండి. కొర్రలు, సామలు మంచివే. కానీ కొర్రలు కదా అని కంచం నిండా పెట్టుకుంటే అదీ గింజల గుట్టే. మా ఇంట్లో రాత్రిపూట ఒక జొన్నరొట్టె, పెసలు లేదా అలసందల కూర. బియ్యం 26 నుంచి 17 కిలోలకు దిగింది, మిగిలిన డబ్బులు పప్పులోకి మళ్లాయి.

పంచదార సంగతి తొందరగా తేల్చేస్తాను. మనిషికి రోజుకు 25 గ్రాముల లోపు, నలుగురికి నెలకు 3 కిలోలు, స్వీట్లు, బిస్కెట్లతో కలిపి. రోజుకు రెండు టీలు, టీకి రెండు చెంచాలు అంటే నెలకు 2.4 కిలోలు అక్కడే అయిపోతుంది. నేను టీకి ఒక చెంచాకు దిగాను. బెల్లానికి మారితే లెక్క మారదు. నూనె రోజుకు 27 గ్రాములు, నలుగురికి నెలకు మూడున్నర లీటర్లు. వారానికి ఎంతో సీసాలో పోసి పెట్టుకుంటే చెయ్యి జారదు. బజ్జీలు వేయించిన నూనెను మళ్లీ మళ్లీ కాచకండి. రకాలు మార్చి మార్చి వాడండి.

కూరగాయలు నా కొట్లో అమ్మలేదు కనుక చీటీలో ఉండవు. బంగాళాదుంప కాకుండా రోజుకు మనిషికి 400 గ్రాములట. నలుగురికి నెలకు 48 కిలోలు! బియ్యం బస్తాకన్నా ఎక్కువ బరువు. వారం రోజులు సంచి తూచి చూసుకోండి. మా ఇంట్లో మొదటి వారం సగం కూడా లేదు.

చీటీలో లేనివి ఇంకో రకం ఉన్నాయి. అయిదు, పది రూపాయల చిప్స్, కుర్‌కురేలు, బిస్కెట్లు. వాటిని పిల్లలే కొట్టుకు వచ్చి కొనుక్కుంటారు. ఇంట్లో పెద్దలకు తెలియదు. నెల రోజులు ఖాళీ కవర్లు పారేయకుండా ఒక సంచిలో వేయమనండి, నెలాఖరుకు లెక్కపెట్టండి. కవర్ మీద సోడియం మిల్లీగ్రాముల్లో ఉంటుంది. దాన్ని రెండున్నరతో హెచ్చిస్తే ఉప్పు వస్తుంది. 400 మిల్లీగ్రాములంటే ఒక గ్రాము. ఆ అంకె వంద గ్రాములకా, ప్యాకెట్‌కా అన్నది చూసుకోండి, అక్కడే మోసపోతాం. పదార్థాల జాబితాలో ఎక్కువ ఉన్నదాన్నే ముందు రాయాలని నిబంధన. పంచదారో పామాయిలో మొదటి మూడింట్లో ఉంటే ఇక చదవక్కర్లేదు.

నాకు ఇప్పుడు 63. బీపీ 130 దగ్గర ఉంటోంది, ఒక మాత్ర ఇంకా వేసుకుంటున్నాను, డాక్టరు ఆపమనలేదు. వంటింటి ఉప్పు డబ్బా 500 గ్రాముల దగ్గర ఆగింది. మీరు కూడా మాత్రల విషయంలో సొంత లెక్కలు కట్టకండి.

కొట్టు ఇప్పుడు మా అబ్బాయి చూసుకుంటున్నాడు. ఆ చిప్స్ ప్యాకెట్లను దండల్లా గుమ్మానికి వేలాడదీసే పద్ధతి నాదే, సరిగ్గా పిల్లల కళ్లకు ఎదురుగా. అందులో మిగిలే లాభం పప్పులో మిగలదు. తీసేయమంటే మావాడు ససేమిరా అన్నాడు. రెండడుగులు పైకి కట్టడానికి మాత్రం ఒప్పుకున్నాడు.