కరెంటు పొయ్యి మీద సర్వపిండి: అడుగు మాడు, అంచులు పచ్చి

బయటి దేశంలో హాస్టల్లో క్రిస్మస్ విందుకు తలా ఒక వంటకం అంటే వరంగల్ వాళ్లం సర్వపిండే (బియ్యప్పిండిని గుండ్రటి గిన్నెలో ఒత్తి కాల్చే కారపు రొట్టె) అంటాం. తంటా అంతా పొయ్యితోనే. గుండ్రటి గిన్నెకు మంట చుట్టూ తగలాలి, కరెంటు పొయ్యేమో తాకిన చోటే కాలుస్తది. మందపాటి చదును పెనం, దానికి సరిపడా మూత ఉంటే చాలు.

అక్కడ దొరికే బియ్యప్పిండి మరీ పొడి. చన్నీళ్లతో కలిపితే పగుళ్లే. రెండు కప్పుల పిండికి గంటసేపు నానిన పావు కప్పు శెనగపప్పు, రెండు చెంచాల నువ్వులు, ఎల్లిగడ్డ కారం, ఉల్లాకు, ఉప్పు. వేడినీళ్లు కప్పుతో మొదలుపెట్టి చూసుకుంటూ పోసి, పావుగంట మూత పెట్టాలి. పల్లీలు పడనివాళ్లు ఉండొచ్చు, వేయకపోవడమే మేలు (రుచి తగ్గుతది, ఏం చేస్తాం).

చల్లటి పెనానికి నూనె రాసి పావు అంగుళం మందాన ఒత్తి, వేలితో ఆరేడు బొక్కలు పెట్టి నూనె చుక్కలు వేయాలి. మూత పెట్టి సన్న సెగ మీద 10–12 నిమిషాలు. అంచు పెనాన్ని వదిలి, బొక్కల చుట్టూ ఎర్రబడితే అయినట్టే. తిప్పొద్దు.

రెండోది వేడి పెనం మీద ఒత్తితే చిరుగుతది. నల్లా కింద చల్లారిస్తే పెనం అడుగు వంగి పొయ్యికి ఆనదు. రెండు పెనాలు మార్చి మార్చి వాడుడే.