టస్కనీ కొండబాటల్లో శరత్కాలపు సైకిలు యాత్ర: బయలుదేరే ముందు తీసుకోవలసిన జాగ్రత్తలు

ఇటలీలోని టస్కనీ కొండల్లో మౌంటెన్ బైకు తొక్కడానికి అక్టోబరు, నవంబరు నెలలే అనువైనవని అక్కడ తిరిగినవారు చాలామంది చెబుతారు. ఎండ తగ్గుతుంది, ద్రాక్షతోటలు రంగు మారతాయి, సియెనా, పియెంజా వంటి ఊళ్లలో వేసవి రద్దీ పలచబడుతుంది. ఆ మాట నిజమే గాని, వేట, వాన, తొందరగా పడే చీకటి కూడా కలిసి వచ్చేది ఆ నెలల్లోనే. ఆల్ప్స్ పర్వతాల్లో తొక్కి వచ్చినవారు ఈ గుట్టలను చూసి తేలికగా తీసుకోవడం సహజం. ఉత్తరపు అంచున ఉన్న అపెన్నైన్, అపువాన్ పర్వతాలనూ, దక్షిణాన 1,738 మీటర్ల మోంతె అమియాతానూ మినహాయిస్తే ఇక్కడ భయపెట్టే ఎత్తులు లేవు. కాబట్టి దారిని ఎంచుకునేటప్పుడు ఎత్తుపల్లాల కన్నా ముందు తేదీనీ, వారాన్నీ, గత రెండు రోజుల వర్షాన్నీ చూసుకోవాలి.

అన్నిటికన్నా ముందు వేట సంగతి తెలుసుకోవాలి. 1992 నాటి జాతీయ వేట చట్టం ప్రకారం వేటకాలం సాధారణంగా సెప్టెంబరు మూడో ఆదివారం నుంచి జనవరి 31 వరకు సాగుతుంది. మంగళ, శుక్రవారాలు దేశమంతటా వేటకు సెలవు. అడవిగుండా పోయే బాటలను ఆ రెండు రోజులకు పెట్టుకుని, శని, ఆదివారాల్లో ఊళ్ల మధ్య కంకర రోడ్లకు పరిమితం కావడం తెలివైన పని. అయితే పంటలను కాపాడుకోవడానికి అధికారుల అనుమతితో అడవిపందులను చంపే కార్యక్రమాలు ఆ సెలవు రోజుల్లోనూ జరగవచ్చు గనుక, ముందురోజు సాయంత్రమే బస చేసిన చోట విచారించడం మంచిది. ఏ గుట్ట మీద ఏ రోజు వేట ఉందో ఊళ్లోవాళ్లకు తెలిసినంతగా ఏ యాప్‌కూ తెలియదు.

ఇళ్లకు 100 మీటర్లు, వాహనాలు తిరిగే రోడ్లకు 50 మీటర్ల లోపు వేటాడకూడదని ఆ చట్టమే చెబుతుంది. చాలామంది గమనించనిదేమిటంటే, రోడ్లకు వర్తించే ఈ 50 మీటర్ల నియమం పొలాలకు పోయే బాటలకూ, పొలాల మధ్య బాటలకూ వర్తించదు. మౌంటెన్ బైకులు ఎక్కువగా తిరిగేది సరిగ్గా ఆ బాటల మీదే. పైగా కంచె లేని ప్రైవేటు భూమిలోకి వేటగాళ్లు ప్రవేశించడాన్ని ఇటలీ పౌర చట్టం అనుమతిస్తుంది. ఎదురుగా ద్రాక్షతోట ఉంది కాబట్టి ఇక్కడ తుపాకులు ఉండవని అనుకోకూడదు.

అడవిపంది వేట గుంపుగా సాగుతుంది. తుపాకులు పట్టినవారు బాట పొడవునా తమతమ చోట్లలో కదలకుండా నిలబడితే, కుక్కలతో మరికొందరు పొదల్లోంచి పందులను వారివైపు తోలుతారు. బాట మొదట్లో ‘బత్తూతా అల్ చింగ్యాలే ఇన్ కోర్సో’ అని రాసిన బోర్డు కనిపిస్తే లోపల వేట జరుగుతున్నదని అర్థం, అక్కడి నుంచే వెనక్కి తిరగాలి. పది నిమిషాల్లో దాటేస్తాం అనే లెక్క ఇక్కడ పనికిరాదు, ఎందుకంటే రైఫిల్ గుండు కిలోమీటరు దాటి కూడా పోగలదు. బోర్డు లేకపోయినా కుక్కల మెడగంటలు, అరుపులు, బాట పక్కన వరుసగా ఆగి ఉన్న జీపులు చూస్తే సంగతి తెలిసిపోతుంది. అప్పటికే లోపలికి వచ్చేసి ఉంటే ఆగి, గట్టిగా పిలిచి, చెయ్యి ఊపి, వాళ్లు చూశారని రూఢి చేసుకున్నాకే కదలాలి. నారింజ రంగు మెరుపు చొక్కా వేసుకోవడం తప్పనిసరి. గోధుమ, ఆకుపచ్చ, నలుపు రంగుల దుస్తులు ఫొటోల్లో ఎంత బాగున్నా ఈ నెలల్లో వాటిని పెట్టెలోనే ఉంచాలి.

రెండో ప్రమాదం నేల. సియెనాకు ఆగ్నేయంగా అషానో చుట్టూ ఉన్న క్రేతె సెనేజి గుట్టలు ఒకప్పటి సముద్రగర్భంలో పేరుకున్న బూడిదరంగు బంకమట్టితో ఏర్పడ్డాయి. ఎండినప్పుడు ఈ నేల సిమెంటులా గట్టిగా ఉంటుంది. ఒక మోస్తరు వాన పడిందంటే మాత్రం, మన నల్లరేగడిలో నడిచినవారికి వేరే చెప్పనక్కరలేదు. మట్టి ముందు టైరు గళ్లలో నిండి, టైరుకు ఫోర్కుకు మధ్య సందులోకి ఎక్కి, ఒక వంద అడుగులు పోయేసరికి చక్రాన్ని తిరగనివ్వకుండా పట్టేస్తుంది. అప్పుడు బలంగా తొక్కడమే పెద్ద పొరపాటు. గొలుసును ఒక గేరు నుంచి మరో గేరుకు మార్చే వెనుక డిరైలర్ మట్టితో బిగుసుకుని ఉండగా గొలుసును లాగితే, దాన్ని ఫ్రేముకు పట్టి ఉంచే హ్యాంగర్ వంగిపోవచ్చు, విరిగిపోవచ్చు, డిరైలర్ చువ్వల్లోకి కూడా దూసుకుపోవచ్చు. వెంటనే దిగి, పుల్లతో మట్టి గీకి, బండిని గడ్డి అంచు మీదికి ఎత్తి నడిపించాలి. ఇరవై కిలోలు దాటే ఈ-బైకుతో ఆ పని ఎంత కష్టమో ముందే ఊహించుకోవాలి. తమ బండి నమూనాకు సరిపోయే అదనపు హ్యాంగర్ ఒకటి సంచిలో ఉండాలి, ఎందుకంటే అది బండిబండికీ మారుతుంది, పల్లె దుకాణాల్లో దొరుకుతుందన్న నమ్మకం లేదు.

వాన వెలిసిన మర్నాడు బంకమట్టి దారులను వదిలేసి, స్త్రాదె బియాంకె అని పిలిచే తెల్ల కంకర రోడ్లను పట్టుకోవడం మేలు. వాటి మీద నీరు త్వరగా దిగిపోతుంది. గయోలె ఊళ్లో మొదలై అక్కడే ముగిసే ఎరోయికా అనే పేరున్న సైకిలు దారి 209 కిలోమీటర్ల పొడవునా, చాలాచోట్ల ఇలాంటి రోడ్ల మీదుగానే సాగుతుంది. ఈ రోడ్ల మీద కూడా దిగుడు మలుపుల దగ్గర వదులు గులకరాళ్లు పేరుకుని ఉంటాయి, అందువల్ల మలుపులోకి వెళ్లకముందే వేగం తగ్గించుకోవాలి. పాత కోట ఊళ్లలో నునుపెక్కిన బండపరుపు తడిస్తే గాజులా జారుతుంది, కాబట్టి అక్కడ దిగి నడవడమే ఉత్తమం.

దక్షిణాన పితిల్యానో, సోవానా పరిసరాల్లో రోమన్లకు ముందు ఇక్కడ నివసించిన ఎట్రుస్కన్లు అగ్నిపర్వత బూడిద గట్టిపడి ఏర్పడిన మెత్తని టఫ్ రాతిని లోతుగా తొలిచి చేసిన పురాతన దారులున్నాయి. రెండు పక్కలా నిలువు గోడల మధ్య ఎండ సరిగా తగలదు, నేల మీద నాచు ఉంటుంది, పైనుంచి రాళ్లు రాలే అవకాశమూ ఉంది. అవి నడిచి చూడవలసినవి. వాటిలో సైకిలు తొక్కడం ప్రమాదమే కాదు, వేల ఏళ్ల కట్టడం పట్ల అమర్యాద కూడా. మాస్సా మరిత్తిమా చుట్టూ ఉన్న కొండల్లో శతాబ్దాల పాటు లోహాలు తవ్వారు. పాత గనుల గుంతలు పొదల్లో ఉంటాయి గనుక, కంచె కనిపించిన చోట దగ్గరి దారి వెతకకూడదు. మోంతెరొతోందో దగ్గర భూగర్భపు వేడితో ఆవిరి చిమ్మే నేల కనిపిస్తుంది, అక్కడ గుర్తులు పెట్టి ఉన్న బాట నుంచి ఒక్క అడుగు పక్కకు వేయకూడదు.

గొర్రెల మందలను తోడేళ్ల నుంచి కాపాడే తెల్లని మరెమ్మా కుక్కలు సైకిలును కూడా శత్రువుగానే చూస్తాయి. వేగంగా తొక్కి తప్పించుకుందామనుకోకుండా, దిగి, బండిని తమకూ కుక్కకూ మధ్య అడ్డుపెట్టి, మెల్లగా మాట్లాడుతూ మందకు దూరంగా జరగాలి. మంద మధ్యలోంచి దారి తీయకూడదు.

అక్టోబరు చివరి ఆదివారం ఇటలీలో గడియారాలను ఒక గంట వెనక్కి తిప్పుతారు. ఆ తర్వాత సాయంత్రం ఐదున్నరకే చీకటి పడుతుంది గనుక, నాలుగింటికల్లా అడవి దాటేలా లెక్క వేసుకోవాలి. ముందూ వెనుకా దీపాలు ఉండాలి. ఊరి బయట చీకట్లో మెరుపు చొక్కా వేసుకోవాలన్నది అక్కడి రోడ్డు చట్టంలోనే ఉంది. మద్యం పరిమితి కూడా సైకిలు తొక్కేవారికి వర్తిస్తుంది కాబట్టి మోంతాల్చీనో ఊళ్లో బ్రూనెల్లో అనే ద్రాక్షసారా రుచి చూడడాన్ని బండి దిగాక పెట్టుకోవడం మంచిది. మధ్యాహ్నం ఒంటిగంట తర్వాత చిన్న ఊళ్లలో దుకాణాలు రెండు మూడు గంటలు మూసేస్తారు. అందుకే నీరు, తిండి ఉదయమే నింపుకోవాలి. ‘నాన్ పొతాబిలె’ అని రాసి ఉన్న కుళాయి నీరు తాగకూడదు.

భారతదేశం నుంచి వెళ్లేవారు షెంజెన్ వీసా కోసం తీసుకునే 30,000 యూరోల వైద్య బీమా చాలుననుకుంటారు. చాలా పాలసీల్లో సాహస క్రీడల మినహాయింపు ఒకటి ఉంటుంది, కొండబాటల్లో సైకిలు తొక్కడం అందులోకి వస్తుందో రాదో కంపెనీని అడిగి రాతపూర్వకంగా జవాబు తీసుకోవాలి. అత్యవసరానికి 112 నంబరుకు ఫోను చేయాలి. ‘వేర్ ఆర్ యూ’ అనే యాప్ ద్వారా ఆ ఫోను చేస్తే అప్పుడే మనమున్న చోటు వారికి తెలుస్తుంది. లోయల్లో సిగ్నల్ అందని చోట్లు చాలా ఉన్నాయి గనుక ఏ దారిన వెళ్తున్నదీ, ఎన్ని గంటలకు తిరిగి రావలసి ఉన్నదీ కాగితం మీద రాసి బస యజమానికి ఇచ్చి, ఆ వేళ దాటి ఎంతసేపు చూశాక 112కు చెప్పాలో కూడా అప్పుడే మాట్లాడుకోవాలి.