పథకం అందని ఇంటినీ కొలవాలి: పరోక్ష ప్రభావాల అంచనా ఎలా?

ఒక గ్రామంలో సగం కుటుంబాలకు పథకాన్ని అందించి, మిగిలిన సగంతో పోల్చి ఫలితాన్ని ప్రకటించే మదింపులు నేటికీ కనిపిస్తూనే ఉంటాయి. కానీ లబ్ధి పొందినవారూ పొందనివారూ ఒకే బడిలో చదువుతారు, ఒకే పొలంలో కూలికి వెళతారు, అవసరానికి చేబదుళ్లు ఇచ్చిపుచ్చుకుంటారు. అందువల్ల పథకం ఫలితం పక్కింటికీ పాకుతుంది. పరిశోధకులు స్పిల్‌ఓవర్ అని పిలిచే ఈ పరోక్ష ప్రభావాన్ని లెక్కలోకి తీసుకోకపోతే, లబ్ధిదారుల విషయంలో వచ్చే అంచనా కూడా తప్పుతుంది.

పథకమే లేని గ్రామాల్లో నూటికి 40 మంది పిల్లలు పరీక్షలో ఉత్తీర్ణులయ్యారనీ, పథకం ఉన్న గ్రామాల్లో లబ్ధిదారులలో 60 మంది, లబ్ధి అందని పిల్లలలో 50 మంది ఉత్తీర్ణులయ్యారనీ అనుకుందాం. ఊరి లోపలే పోల్చితే తేడా 10. పథకం లేని ఊరితో పోల్చితే 20. మొదటి పద్ధతిలో అసలు ఫలితంలో సగం కనిపించకుండా పోయింది.

కాబట్టి పథకం ఎవరికి అందాలో తేల్చే లాటరీని రెండు దశల్లో తీయాలి: మొదట ఊళ్లకు, తరువాత ఎంపికైన ఊళ్లలోని వ్యక్తులకు. 2008లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని అయిదు జిల్లాల్లో ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ చేపట్టిన ప్రైవేటు పాఠశాల వోచర్ల (బడి ఫీజుకు చెల్లే పత్రాల) అధ్యయనం ఇందుకు చక్కని నమూనా. 180 గ్రామాల్లో తల్లిదండ్రుల నుంచి ముందుగా దరఖాస్తులు తీసుకుని, వాటిలో 90 గ్రామాలను లాటరీతో ఎంపిక చేసి, ఆ గ్రామాల దరఖాస్తుదారుల మధ్య మళ్లీ లాటరీ తీశారు. దరఖాస్తులు అన్ని ఊళ్లలోనూ ముందే తీసుకోవడంలోనే ఈ ఏర్పాటు బలమంతా ఉంది. వోచరు దక్కని పిల్లలను ఎంపిక కాని ఊళ్లలోని దరఖాస్తుదారులతోనూ, దరఖాస్తే చేయని పిల్లలను అక్కడి అటువంటి పిల్లలతోనూ పోల్చే వీలు దానివల్లే కలిగింది. ప్రభుత్వ బడుల్లోనే ఉండిపోయిన పిల్లలపైనా, అప్పటికే ప్రైవేటు బడుల్లో ఉన్న పిల్లలపైనా చెప్పుకోదగ్గ ప్రభావమేదీ కనబడలేదు. అలా చెప్పగలిగారంటే ఆ పిల్లలకు కూడా పరీక్షలు పెట్టారు కనుకనే. ఖర్చు తగ్గించాలనుకున్నప్పుడు చాలామంది మొదట వదిలేసేది ఈ లబ్ధి అందనివారి సర్వేనే. నా దృష్టిలో అది పొదుపు కాదు.

లాటరీ తీయడానికి ఊరే సరైన ప్రమాణమని కూడా అనుకోకూడదు. ప్రభావం ఏ దారిలో పాకుతుందో దాన్నిబట్టి ప్రమాణం మారుతుంది. కబుర్ల ద్వారానో చేబదుళ్ల ద్వారానో అయితే ఊరు సరిపోవచ్చు, కూలి రేట్ల ద్వారా అయితే చాలదు. ఉపాధి హామీ చెల్లింపులకు వేలిముద్రలతో గుర్తించే స్మార్ట్‌కార్డులను ప్రవేశపెట్టినప్పుడు, అదే రాష్ట్రంలో లాటరీని మండలాల స్థాయిలో తీయడం వల్లనే అసలు సంగతి బయటపడింది: లబ్ధిదారుల కుటుంబాల ఆదాయం 14 శాతం పెరగగా, ఆ పెరుగుదలలో 86 శాతం పథకం వెలుపలి సంపాదన నుంచే వచ్చింది. కూలి మార్కెట్టు మండలం సరిహద్దు దగ్గర ఆగదు గనుక, చుట్టుపక్కల పంచాయతీల్లో ఎన్నింటికి కార్డులు అందాయో కూడా లెక్కలోకి తీసుకున్నారు.

ఎంతమందికి ఇస్తే ఎంత పాకుతుందో తెలియాలంటే, ఒక్కో ప్రాంతంలో ఒక్కో నిష్పత్తిలో పథకం ఇవ్వాలి. ఫ్రాన్స్‌లో నిరుద్యోగ యువతకు ఉద్యోగం వెతకడంలో సాయపడే కార్యక్రమాన్ని 235 ప్రాంతాల్లో 0, 25, 50, 75, 100 శాతం చొప్పున అమలుచేసి చూడగా, సాయం పొందినవారికి వచ్చిన ఉద్యోగాల్లో కొన్ని సాయం పొందనివారి నుంచి తప్పిపోయినవేనని తేలింది. ఇలాంటి చోట ఊరి లోపలి పోలిక ఫలితాన్ని తగ్గించి కాక పెంచి చూపుతుంది.

స్నేహ సంబంధాల ద్వారా పాకే ప్రభావాన్ని కొలవదలచినవారు, సలహా ఎవరిని అడుగుతారో, అప్పు ఎవరి దగ్గర తీసుకుంటారో పథకం మొదలవకముందే రాసుకోవాలి. ఆ తరువాత అడిగితే పథకమే కొత్త పరిచయాలను కల్పించి ఉండవచ్చు. స్నేహితులు ఒకేలా ప్రవర్తించడం ప్రభావానికి రుజువు కాదు, ఒకే స్వభావం గలవారే స్నేహితులవుతారు కదా. ఎక్కువమంది స్నేహితులున్నవారికి లబ్ధి పొందిన స్నేహితులు కూడా సహజంగానే ఎక్కువగా ఉంటారు. అందుచేత లబ్ధి పొందిన స్నేహితుల సంఖ్యతో పాటు మొత్తం స్నేహితుల సంఖ్యను కూడా విశ్లేషణలో చేర్చడం తప్పనిసరి.

కెన్యాలోని బుసియాలో 75 పాఠశాలల్లో నులిపురుగుల మందు ప్రభావాన్ని అంచనా వేసినప్పుడు ఆర్థికవేత్తలు ఎడ్వర్డ్ మిగెల్, మైకేల్ క్రెమర్ దూరం విషయంలో ఇదే పద్ధతిని పాటించారు: చుట్టుపక్కల మందు అందిన బడుల పిల్లల సంఖ్యతో పాటు మొత్తం పిల్లల సంఖ్యనూ చేర్చారు. 2004లో అచ్చయిన ఆ ఫలితాలను తరువాత తిరిగి లెక్కించినప్పుడు కంప్యూటర్ కోడులో పొరపాట్లు కనబడ్డాయి; వాటిని సరిదిద్దాక 3 నుంచి 6 కిలోమీటర్ల దూరంలోని బడులపై చెప్పిన ప్రభావం నిలవలేదు. దూరాల లెక్కను ఇద్దరు వేర్వేరుగా చేసి సరిపోల్చుకోవడం, ఎంత దూరం వరకు చూస్తామో సర్వేకు ముందే రాసిపెట్టుకోవడం మంచిది.