బడి గోడ మీద రామప్ప బొమ్మ వేయాలంటే

హనుమకొండలో ఒకప్పుడు నేను బోర్డులు రాసేవాణ్ని. దుకాణాల పేర్లు, డాక్టర్ల డిగ్రీలు, లారీల వెనక నెమళ్లు. ఫ్లెక్సీ వచ్చి అక్షరాల పని పట్టుకుపోయింది, గోడలు మిగిలాయి. ఇప్పుడు ఏడాదిలో ఎక్కువ రోజులు వరంగల్, ములుగు, జనగామ వైపు ఏదో ఒక బడి గోడ ముందే ఉంటాను. పని నేర్చుకుంటామని వచ్చే కుర్రాళ్లు మొదట బ్రష్షుల గురించి అడుగుతారు. బొమ్మ నిలవడం, రాలిపోవడం గోడ చేతిలో ఉంటుంది. అందుకని ముందు గోడ సంగతి.

20 అడుగుల పొడవు, 10 అడుగుల ఎత్తు ఉన్న బయటి గోడ అనుకుందాం. అరచేత్తో గట్టిగా రుద్దండి. చేయి తెల్లబడితే అది సున్నం గోడ. దాని మీద నేరుగా ఎమల్షన్ (నీళ్లు కలిపి వేసే రంగు) పూస్తే కొన్నాళ్లకు అప్పడంలా లేస్తుంది. సున్నం మొత్తం గీకాల్సిందే. తరువాత వేలి కణుపులతో అక్కడక్కడా కొట్టి చూడండి. డొల్ల చప్పుడు వస్తే ఆ పూత ఇటుకను వదిలేసిందని అర్థం. మేస్త్రీ వచ్చి తీసి మళ్లీ పూసేదాకా మీకు పని లేదు. కొత్త సిమెంటు పూత అయితే కనీసం 28 రోజులు ఆగాలి. పచ్చి సిమెంటులోని క్షారం కొన్ని ఎరుపులను, గులాబీలను తినేస్తుంది. పాత ఎనామిల్ (నూనె రంగు) గీకాల్సి వస్తే మాత్రం మంచి మాస్కు పెట్టుకోండి. అందులో సీసం ఉండవచ్చు, కాబట్టి ఆ రోజు పిల్లలను దగ్గరికి రానివ్వకండి.

తేమ పరీక్షకు అడుగున్నర పాలిథిన్ కాగితం చాలు. నాలుగు వైపులా టేపు వేసి గోడకు అంటించి ఒక రోజు వదిలేయండి. లోపలివైపు చెమట పడితే గోడలో నీరుంది. ఒక బడిలో ఈ చిన్న పరీక్ష చేయకుండానే పనిలోకి దిగాను. పంద్రాగస్టుకు బొమ్మ తయారు కావాలన్నారు, నేను సరేనన్నాను. గోడ అవతల పిల్లలు పళ్లాలు కడుక్కునే కుళాయిల వరుస ఉందని చూడనేలేదు. దసరా సెలవులు అయ్యేసరికి నా బొమ్మలో ఒక్క మనిషికీ మోకాళ్ల కింద కాళ్లు లేవు. పిల్లలు వాటికి పేర్లు కూడా పెట్టారు. కుళాయిలు మార్పించి, గోడ ఆరాక, నా సొంత రంగుతో మళ్లీ వేశాను. అప్పటినుంచి కింది రెండడుగుల్లో బొమ్మ పెట్టను, ముదురు జాజు రంగు పట్టీ వేస్తాను. మన ఇళ్లలో అరుగులకు, గోడల అడుగున జాజు పూసినట్టే. వాన చినుకులు ఎగజిమ్మే మట్టి అందులో కలిసిపోతుంది.

గోడ మీద తెల్లటి ఉప్పు పేరుకుంటే నీళ్లతో కడగకండి, కరిగి మళ్లీ లోపలికే పోతుంది. పొడి బ్రష్షుతో దులిపి, తేమ ఎక్కడినుంచి వస్తోందో వెతకండి. ఇదంతా అయ్యాక గుంతలకు సిమెంటు పుట్టీ, ఆ పైన బయటి గోడల ప్రైమర్ ఒక పూత. ఒక రాత్రి ఆరనివ్వండి.

మా ప్రాంతంలో ఈ పనికి నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. మేలో ఎండ పడే గోడ మీద చేయి ఆనించలేరు. రంగు బ్రష్షు మీదే ఆరిపోతుంది. తప్పదంటే తూర్పు ముఖం గోడను మధ్యాహ్నం, పడమర గోడను పొద్దున పట్టండి. నేను ఐదింటికే లేచి, జొన్నరొట్టెలు కట్టుకుని మొదటి బస్సు ఎక్కుతాను. రెండేళ్లకోసారి, మేడారం జాతర వచ్చే మాఘమాసంలో మాత్రం ములుగు దారి పనులు ఒప్పుకోను. ఆ రోజుల్లో బస్సులో నాకు చోటు దొరికినా నా బకెట్లకు దొరకదు.

2021లో రామప్ప గుడికి యునెస్కో గుర్తింపు వచ్చాక ఏ హెడ్మాస్టరును కదిపినా రామప్పే కావాలంటారు. ఫోనులో ఫొటో చూపించి అచ్చం ఇలాగే వేయమంటారు. అక్కడే జాగ్రత్త. మదనికలు, అంటే ఆ గుడి మీది ఆడవాళ్ల రాతి బొమ్మలు, పైన, చూరు కింద ఉంటాయి. కింద నిలబడి తీసిన ఫొటోలో కాళ్లు పెద్దవిగా, తల చిన్నదిగా వస్తుంది. దాన్ని ఉన్నదున్నట్టు గోడకెక్కిస్తే, ఎదురుగా నిలబడి చూసేవాడికి మనిషి ఎవరో పట్టి సాగదీసినట్టుంటుంది. ఒకసారి ఆ గుడి ఉన్న పాలంపేట వెళ్లి, కాగితం మీద మీ చేత్తో గీసుకోండి. 1213 నాటి ఆ రాతి భంగిమలు కూడా చూసి నాట్యాచార్యులు నటరాజ రామకృష్ణ గారు పేరిణి నృత్యానికి మళ్లీ ప్రాణం పోశారు. రాయిని చూసి అడుగు పట్టుకోవచ్చు గాని మనకు గీత దొరకదా?

గీసుకున్న బొమ్మను 20 అంగుళాలు, 10 అంగుళాల కాగితం మీదికి దించండి. కాగితం మీద అంగుళం గోడ మీద అడుగు. రెండింటి మీదా గళ్లు గీయండి. గోడ మీద గళ్లకు సుద్దపొడి పట్టించిన పురికొసను ఇద్దరు చెరో చివర బిగించి పట్టుకుని, మధ్యలో ఎత్తి వదిలితే గీత పడుతుంది. నిలువు గీతకు దారానికి ఇనుప గుండు వేలాడదీసి చూడండి. నేలను నమ్మవద్దు, నీళ్లు పోవడానికి బడి వరండాలు వాలుగానే కడతారు. అడ్డం వరుసకు క, ఖ, గ, నిలువు వరుసకు 1, 2, 3 రాస్తే పిల్లలు మీ పర్యవేక్షకులైపోతారు. "అంకుల్, గ-4లో చేయి ఉండాలి, మీరు మర్చిపోయారు" అని ఒక మూడో తరగతి పాప నన్ను నిచ్చెన మీదినుంచి దించింది. నిజంగానే మర్చిపోయాను.

చుట్టూ ఓరుగల్లు కోట తోరణం పెట్టాలంటే గళ్లతో కుస్తీ పట్టకండి. తోరణంలో సగం పెద్ద కాగితం మీద గీసి, గీత వెంబడి సూదితో చిల్లులు పొడవండి. కాగితాన్ని గోడకు ఆనించి, జాజుపొడి కట్టిన పల్చటి గుడ్డ మూటతో తట్టండి. కాగితం తిరగేసి రెండో సగం కూడా అంతే. మా ఉస్తాద్ సినిమా హాలు బోర్డుల మీద పెద్ద అక్షరాలు ఇలాగే దించేవాడు. గోడ మీద గీత దిద్దడానికి బొగ్గు వాడకండి, పైన వేసే పసుపును మురికి చేస్తుంది. నీళ్లు కలిపిన లేత గోధుమ రంగు చాలు.

రంగు లెక్క ఇదీ: బయటి ఎమల్షన్ ఒక పూతకు లీటరు దాదాపు 100 చదరపు అడుగులు వస్తుంది. 200 అడుగులకు రెండు పూతలంటే నాలుగు లీటర్లు, చేజారేదానికి ఇంకొకటి. తెలుపు కొని, దానికి రంగు తెచ్చే స్టెయినర్లు కలుపుకోండి, కాని డబ్బా మీద రాసిన పరిమితి దాటకండి. దాటితే గోడకు ఆనుకున్న ప్రతి చొక్కాకూ మీ బొమ్మ అంటుకుంటుంది. ముదురు రంగులు తయారువే కొనడం మేలు. రెడ్ ఆక్సైడ్, పసుపు ఆక్సైడ్ ఎండకు తట్టుకుంటాయి. మెరిసే గులాబీలు ముందుగా వెలిసిపోతాయి. ఒక రంగు ఎంత కావాలో అంతా ఒకేసారి కలపండి, రెండోసారి అదే ఛాయ రాదు. తడి మీద ఉన్నదానికన్నా ఆరాక కొంచెం ముదురుతుంది కాబట్టి, మూలన ఒక చుక్క పెట్టి టీ తాగి వచ్చి చూడండి.

మదనిక నల్లరాయి కదా అని నల్లరంగు పూస్తే గోడకు బొక్క పడినట్టుంటుంది. ముదురు గోధుమలో నీలం కలిపి, వెలుతురు పడే వైపు కాస్త తెలుపు చేర్చండి. గుడి గోడల ఎర్రరాయికి రెడ్ ఆక్సైడ్, పసుపు, తెలుపు చాలు. మొదట బొమ్మ వెనకుండే నేల రంగు, తరువాత పెద్ద ఆకారాలు, ఆపైన నగలు, చివరన గీతలు. ప్రతి అరగంటకూ దిగి ముప్పై అడుగులు వెనక్కి నడవండి. దగ్గర అందంగా కనిపించిన సన్నగీత అక్కడినుంచి మాయమవుతుంది. చేర్యాల నకాషీ పటాల్లో ఎర్రటి నేల మీద చదునైన రంగులు, గట్టి గీతలు ఉండేది ఊరి జనం మధ్య కథ చెప్పడానికి. బడి గోడ పనీ అదే. కళ్లు మాత్రం చివరి రోజు పొద్దున్నే, టీకి ముందు వేస్తాను. అది నా అలవాటు.

డబ్బు సంగతి మొదటి రోజే తేల్చుకోండి. సగం బయానా, పరంజా కర్రల కిరాయి వేరు, మార్పులు చెప్పే మనిషి ఒక్కరే. నలుగురు చెబితే నాలుగు బొమ్మలవుతాయి. విరాళం ఇచ్చినవారి పేరు ఎంత ఎత్తు ఉండాలో కూడా ముందే రాయించుకోండి. ఒక పెద్దమనిషి తన పేరు శివుడి కంటే పెద్దగా ఉండాలని పట్టుబట్టాడు.

పని అయ్యాక మిగిలిన రంగులను పాత పచ్చడి సీసాల్లో పోసి, ఏది ఎక్కడిదో పేరు రాసి బడి అటెండరుకు ఇస్తాను. బంతి తగిలి పెచ్చు లేస్తే ఆయనే అద్దుకుంటాడు. కిందటిసారి అలాంటి ఒక బడికి వెళ్లినప్పుడు, 'మదనిక, మోచేయి' అని రాసిన సీసా సగం ఖాళీ అయి ఉంది.