ఓక్ ఫ్లాట్ దాకా పరుగు: రాగి గనిని వ్యతిరేకిస్తూ పరుగెత్తదలచినవారికి

అమెరికాలోని అరిజోనా రాష్ట్రంలో, ఫీనిక్స్ నగరానికి తూర్పున సుమారు వంద కిలోమీటర్ల దూరంలో, టాంటో జాతీయ అటవీ ప్రాంతపు కొండల నడుమ ఓక్ ఫ్లాట్ ఉంది. అక్కడి ఆదివాసులైన అపాచీల భాషలో దాని పేరు చిచిల్ బిల్దగోతీల్. ఐజన్‌హోవర్ ప్రభుత్వం 1955లో ఇక్కడి 760 ఎకరాలలో గనుల తవ్వకాన్ని నిషేధించింది. 2014 డిసెంబరులో రక్షణ శాఖ పద్దుల బిల్లుకు తగిలించిన ఒక సెక్షన్ ఆ నిషేధాన్ని తొలగించి, ఓక్ ఫ్లాట్‌తో కలిపి 2,422 ఎకరాలను గనుల కంపెనీలైన రియో టింటో, బీహెచ్‌పీల ఉమ్మడి సంస్థ అయిన రిజల్యూషన్ కాపర్‌కు రాగి గని కోసం భూమార్పిడి కింద ఇవ్వాలని శాసించింది. ఆ మరుసటి ఫిబ్రవరిలోనే శాన్ కార్లోస్ అపాచీలు తమ తెగకు కేటాయించిన ప్రాంతం (రిజర్వేషన్) నుంచి ఓక్ ఫ్లాట్‌కు 40 మైళ్ళకు పైగా నడిచి వచ్చారు. ఆ దారిలో వారికి తోడుగా పరుగెత్తాలనుకునే బయటివారి కోసమే ఈ సూచనలు.

కాళ్ళకు సాధన మొదలుపెట్టక ముందే అనుమతి అడగాలి. చాలామంది దీనిని తలకిందులుగా చేస్తారు: తేదీ నిర్ణయించి, టీషర్టులు అచ్చువేయించి, ఆ తర్వాత అపాచీలను 'ఆహ్వానిస్తారు'. వారి పూర్వీకుల నేల మీదికి వారినే అతిథులుగా పిలవడం ఎంత ఎబ్బెట్టుగా ఉంటుందో వేరే చెప్పనక్కరలేదు. అపాచీ ఆడపిల్ల యుక్తవయసుకు వచ్చినప్పుడు నాలుగు రోజులు జరిగే సూర్యోదయ వేడుకలో ఆమె పరుగెత్తడం కూడా ఒక భాగమే. ఆ వేడుకలు జరిగే చోట్లలో ఓక్ ఫ్లాట్ ఒకటి. అంటే వారికి ఇక్కడ పరుగు ప్రార్థనకు దగ్గరి మాట, పోటీకి కాదు. కాబట్టి ముందుగా, ఈ గనికి వ్యతిరేకంగా పోరాడుతున్న అపాచీ స్ట్రాంగ్‌హోల్డ్ సంస్థకు రాసి, మీరెవరో, ఎందరో, ఎందుకు రావాలనుకుంటున్నారో చెప్పి, రావచ్చా అని అడగండి. ఫలానా వారంలో వేడుక ఉంది, రావద్దు అంటే అదే తుది మాటగా తీసుకోవాలి.

తర్వాత ప్రభుత్వ అనుమతులు. అటవీ భూమిలో వ్యాపారేతర కార్యక్రమానికి 75 మంది, అంతకు మించి చేరితే అటవీ శాఖ పర్మిట్ తప్పనిసరి, దానికి రుసుము లేదు. మీరు పాల్గొనేవారి దగ్గర ప్రవేశ రుసుము వసూలు చేస్తే మాత్రం నియమాలు వేరు. 60వ నంబరు హైవే మీద కార్యక్రమం నడిపేవారు రాష్ట్ర రవాణా శాఖను, రిజర్వేషన్ లోపల మొదలుపెట్టేవారు శాన్ కార్లోస్ తెగ ప్రభుత్వాన్ని అడగాలి. అన్నిటికన్నా ముఖ్యంగా, భూమి ఆనాటికి ఎవరి పేరున ఉందో బయలుదేరే వారంలోనే మళ్ళీ చూసుకోండి. అపాచీ స్ట్రాంగ్‌హోల్డ్ ఈ భూమార్పిడిని ఆపాలంటూ వేసిన కేసును 2024 మార్చిలో అప్పీళ్ళ కోర్టు 6–5 తేడాతో తోసిపుచ్చింది. 2025 మే 27న సుప్రీంకోర్టు విచారణకు నిరాకరించగా జస్టిస్ గోర్సచ్ అసమ్మతి రాశారు, జస్టిస్ థామస్ ఆయనతో ఏకీభవించారు. అదే ఏడాది ఆగస్టులో వేరే పిటిషన్ల మీద అప్పీళ్ళ కోర్టు భూబదిలీని తాత్కాలికంగా ఆపింది. ఇలా కోర్టు ఉత్తర్వుల వెంట హద్దులు కదిలే చోట, నిన్న అందరిదైన కాలిబాట రేపు అక్రమ ప్రవేశం కింద లెక్కకు రావచ్చు.

ఇక శరీరం సంగతి. దారిలో వచ్చే గ్లోబ్ పట్టణం సుమారు 3,500 అడుగుల ఎత్తున ఉంటుంది. దాని తర్వాత వచ్చే మయామీ అనే ఊరు దాటాక దారి దాదాపు 4,500 అడుగుల దాకా ఎక్కి, ఓక్ ఫ్లాట్ దగ్గర 4,000 అడుగుల ప్రాంతానికి దిగుతుంది. చదునైన నగర వీధులలో 42.195 కిలోమీటర్లు పూర్తిచేసినవారు కూడా ఇక్కడ తమ పాత సమయాన్ని మరచిపోవడం మేలు. కనీసం పన్నెండు వారాల పాటు, వారానికి ఒక రోజు ఎక్కుడు మీదా, ఒక రోజు దిగుడు మీదా సాధన చేయండి, ఎందుకంటే తొడ కండరాలను నలిపేది ఎక్కుడు కన్నా దిగుడే. శాన్ కార్లోస్ నుంచి మొత్తం దూరం ఒక మారథాన్‌కు మించినది కనుక, బృందంగా వంతులవారీగా పరుగెత్తడమో, రెండు రోజులకు పంచుకోవడమో వివేకం.

ఎడారి గాలిలో చెమట పట్టినట్టే తెలియదు, పట్టీపట్టకముందే ఆరిపోతుంది. టోపీ అంచున తెల్లటి ఉప్పు చార కనిపించేసరికి మీరు అప్పటికే నీళ్ళు తాగడంలో వెనుకబడ్డారన్న మాట. గంటకు అర లీటరు నుంచి ముప్పావు లీటరు దాకా, వేడిని బట్టి, దాహాన్ని బట్టి తాగండి. ఉప్పు లేకుండా నీళ్ళు మాత్రమే అతిగా తాగితే రక్తంలో సోడియం పడిపోయి తలతిప్పు, వాంతి, అయోమయం వస్తాయి. ఆ లక్షణాలను వడదెబ్బగా పొరబడి ఇంకా నీళ్ళు పట్టించడం ప్రమాదకరం. దారి పక్క వాగులను నమ్ముకోవద్దు, ఏడాదిలో చాలా కాలం అవి ఎండే ఉంటాయి. జూన్ మధ్య నుంచి సెప్టెంబరు చివరి దాకా వానకాలంలో అవే వాగులకు నిమిషాల మీద వరద రావచ్చు. ఫిబ్రవరి, మార్చి నెలలు అనుకూలం, కాకపోతే తెల్లవారుజామున నీళ్ళు గడ్డకట్టేంత చలి ఉండవచ్చు.

హైవే మీద ఖనిజ లారీలు తిరుగుతాయి, మార్జిన్ కొన్నిచోట్ల మనిషి పట్టేంత కూడా ఉండదు. ఎదురు వచ్చే వాహనాలు కనబడేలా రోడ్డుకు ఎడమ పక్కనే పరుగెత్తాలి. ఇండియాలో అలవాటైనవారికి ఇది తిరగబడి అనిపిస్తుంది. దారి తప్పి పొదల్లోకి దిగితే చోయా అనే నాగజెముడు జాతి మొక్క ఒకటి ఉంటుంది, దాని ముళ్ళ బంతి తాకీతాకగానే పిక్కకు అతుక్కుంటుంది. నేను వేళ్ళతో లాగబోతే అది పిక్కను వదిలి అరచేతికి పట్టుకుంది. తోటి పరుగరి ఒకామె నవ్వకుండా జేబులోంచి దువ్వెన తీసి, బంతి కిందకు పళ్ళు దూర్చి, ఒక్క విసురులో దూరంగా ఎగరగొట్టింది. అప్పటి నుంచి నా సంచిలో దువ్వెన, పట్టకారు తప్పవు.

దారిలో ప్రశ్నలు ఎదురవుతాయి, జవాబు ముందే సిద్ధం చేసుకోండి. 'నీ చేతి గడియారంలోనూ రాగి ఉంది కదా' అన్నది అందులో మొదటిది. రాగి అక్కర్లేదని వాదించనక్కరలేదు. మాట్లాడవలసింది చోటు గురించి, తవ్వే పద్ధతి గురించి. వేల అడుగుల దిగువన ఖనిజరాశి అడుగును పేల్చి, పైరాయి తన బరువుకు తానే విరిగి జారేలా చేసి తోడుకుంటారు. తోడేకొద్దీ పైన నేల కుంగుతుంది. ప్రభుత్వ పర్యావరణ నివేదిక ప్రకారమే ఆ గుంట 1.8 మైళ్ళ వెడల్పు, 800 నుంచి 1,115 అడుగుల లోతు ఉంటుంది, అంటే ఓక్ ఫ్లాట్ అందులోకే పోతుంది. ఈ మాటలు ఊపిరి ఎగపోస్తున్నప్పుడు కూడా చెప్పగలిగేలా వంటబట్టించుకోండి. ఓక్ ఫ్లాట్ దగ్గరలోని సుపీరియర్ పట్టణంలో మాత్రం గొంతు తగ్గించాలి. 1996లో పాత మాగ్మా గని మూతపడ్డాక బతుకుతెరువు కోసం చూస్తున్న కుటుంబాలవారు అక్కడ ఉన్నారు. వారిని శత్రువులుగా చూసే నినాదం మీ పరుగుకు తగదు.

ఓక్ ఫ్లాట్ చేరాక అక్కడ ముగింపు తోరణం కట్టవద్దు, మైకు పెట్టవద్దు. వేడుకలకు, ప్రార్థనకు కెమెరా ఎత్తవద్దు. మిగతా ఫోటోలకు కూడా అడిగే తీయండి. చెట్ల కింద రాలిన ఎమరీ ఓక్ కాయలు అపాచీల ఆహారం, వేసవిలో కుటుంబాలు వచ్చి ఏరుకుంటాయి, గుర్తుగానైనా ఒక్కటి జేబులో వేసుకోవద్దు. వందేళ్ళు దాటిన కుండ పెంకును తీసుకోవడం 1979 నాటి పురావస్తు రక్షణ చట్టం కింద నేరం కూడా. పరుగులో శక్తి కోసం మీరు తినే జెల్ పొట్లాల చింపిన మూలలు దారిలో ఎక్కడ పడ్డాయో గుర్తుంటే, కాళ్ళు చల్లబడక ముందే వెనక్కి నడిచి ఏరుకు రండి.