పబ్బుల్లో మమ్మర్స్ నాటకం ఆడటం ఎలా?

ఇంగ్లండ్‌లో క్రిస్మస్ రోజుల్లో, పబ్‌లో ఎవరి కబుర్లలో వారు మునిగి ఉన్నప్పుడు తలుపు ధడాలున తెరుచుకుని, ఒంటినిండా కాగితపు పీలికలు వేలాడుతున్న ఒక మనిషి లోపలికి వచ్చి, "వచ్చాను నేను, ముసలి ఫాదర్ క్రిస్మస్‌ని, రమ్మన్నా వద్దన్నా వచ్చాను" అని ఎలుగెత్తి చెప్పడం నేటికీ అక్కడక్కడా జరుగుతూనే ఉంది. దీన్ని మమ్మర్స్ ప్లే అంటారు. సెయింట్ జార్జ్ లేదా కింగ్ జార్జ్ అనే వీరుడు వస్తాడు, ప్రతివీరుడితో కత్తియుద్ధం చేస్తాడు, ఇద్దరిలో ఒకరు చచ్చి పడతారు, ఊరూరూ తిరిగే నాటు డాక్టరు వచ్చి సీసాలోని మందుచుక్కతో ఆ చచ్చినవాణ్ణి లేపి కూర్చోబెడతాడు, చివరికి చీపురు పట్టుకున్న బుల్లి దెయ్యం డబ్బులడుగుతుంది. కథంతా ఇంతే, ఆడటానికి పన్నెండు నుంచి పదిహేను నిమిషాలు చాలు. మన పగటి వేషగాళ్లలాగే వీరూ ప్రేక్షకులున్న చోటికి తామే నడిచి వెళ్తారు కాబట్టి, ఇందులో నటన కన్నా ప్రవేశం కష్టం. ఇంగ్లండ్ నడిమి ప్రాంతమైన మిడ్‌లాండ్స్‌లో ఒక చిన్న బృందంతో కొన్ని శీతకాలాలు తిరిగిన అనుభవంతో ఈ క్రమాన్ని రాస్తున్నాను.

ముందుగా ప్రాంతం, కాలం, పాఠం

క్రిస్మస్‌కు ఆడేదే అందరికీ తెలిసిన రూపం అయినా, ప్రాంతాన్ని బట్టి కాలమూ పాత్రలూ మారతాయి. చెషైర్‌లో అక్టోబరు చివర, నవంబరు మొదట్లో సోల్ కేకింగ్ నాటకం ఆడతారు. ఆంట్రోబస్ గ్రామ బృందం తమతో పాటు నల్లరంగు పూసిన నిజమైన గుర్రపు పుర్రెను కర్రకు బిగించి, దుప్పటి కప్పి పబ్బుల్లోకి తీసుకువస్తుంది. లింకన్‌షైర్, నాటింగ్‌హామ్‌షైర్ వైపు జనవరి 6 తర్వాత వచ్చే తొలి సోమవారం, అంటే ప్లౌ మండే నాడు, నాగలి పట్టే కూలీల నాటకం ఆడతారు. అందులో సైన్యంలో మనుషుల్ని చేర్చుకునే సార్జెంటు, అతని వెంట పోయే ప్రియుడు, మనసు మార్చుకునే పడుచుపిల్ల ఉంటారు. లాంకషైర్, వెస్ట్ యార్క్‌షైర్‌లలో ఈస్టర్ సమయంలో ఆడేది పేస్ ఎగ్. మీరుండే చోటికి ఏది చెందుతుందో తెలుసుకుని దానినే ఎంచుకోండి, ఎందుకంటే పబ్‌లో కూర్చున్న పెద్దవాళ్లలో ఒకరికైనా తమ తాత చెప్పిన పంక్తి గుర్తుంటుంది, ఆ ఒక్కరు తలూపితే మిగతా గది మీ వైపు తిరుగుతుంది.

పాఠం దొరకడం కష్టం కాదు. లండన్‌లోని సెసిల్ షార్ప్ హౌస్‌లో ఉన్న వాన్ విలియమ్స్ మెమోరియల్ లైబ్రరీలో ఎన్నో పాఠాలున్నాయి. జేమ్స్ మాడిసన్ కార్పెంటర్ అనే అమెరికా పరిశోధకుడు 1928 నుంచి 1935 వరకు బ్రిటన్‌లో తిరిగి పాటలతో పాటు సేకరించిన జానపద నాటకాలను కూడా ఆ లైబ్రరీ వెబ్‌సైట్‌లో చూడవచ్చు. మొదటి ప్రపంచ యుద్ధంలో 1916లో చనిపోయిన రెజినాల్డ్ టిడ్డీ అంతకు ముందు సేకరించిన పాఠాలు 1923లో పుస్తకంగా వచ్చాయి. ఇది క్రైస్తవానికి ముందటి పురాతన క్రతువని చాలామంది నమ్మకంగా చెబుతారు గానీ, ఇప్పటివరకు దొరికిన పూర్తి పాఠాలేవీ పద్దెనిమిదో శతాబ్దం కంటే పాతవి కావు. కాబట్టి కరపత్రంలో "వేల ఏళ్ల నాటి ఆచారం" అని అచ్చువేయకుండా ఉండటం మర్యాద.

పాఠం చేతికి వచ్చాక కత్తెర పట్టుకోండి. ఆరుగురు నటులు, పన్నెండు నిమిషాలు: ఈ రెండింటినీ దాటకూడదు. ద్విపదల్లా జంటజంటగా నడిచే పంక్తుల్ని ముక్కలు చేయకుండా, యుద్ధాలు మూడుంటే ఒకటికి కుదించండి. కొత్త హాస్యం చేర్చాలనిపిస్తే డాక్టరు దగ్గర మాత్రమే చేర్చండి, ఎందుకంటే ఇటలీ, జర్మనీ, ఫ్రాన్స్, స్పెయిన్ తిరిగివచ్చానని, దురద నుంచి పక్షవాతం దాకా అన్నీ కుదురుస్తానని గొప్పలు పోతూ ఫీజు కోసం బేరమాడే ఆ ఘట్టం మొదటినుంచీ ఊరి కబుర్లకు చోటిచ్చినదే. ఇంకెక్కడ చేర్చినా నడక దెబ్బతింటుంది.

వేషాలు, కత్తులు

గ్లోస్టర్‌షైర్‌లోని మార్ష్‌ఫీల్డ్ గ్రామంలో డిసెంబరు 26న ఆడే బృందాన్ని పేపర్ బాయ్స్ అంటారు, వారి వేషమంతా కాగితపు పీలికలే. అది తయారుచేసుకోవడం చవక, చూడటానికి అద్భుతం. ఒక పాత చొక్కా తీసుకుని, వార్తాపత్రికను రెండు వేళ్ల వెడల్పు పీలికలుగా కత్తిరించి, కింది అంచు నుంచి పైకి వరుస మీద వరుసగా కుట్టుకుంటూ రావాలి. పై నుంచి మొదలుపెడితే ముందు కుట్టిన వరుస ప్రతిసారీ సూది కిందికి వస్తుంది. ఒక్కో వరుస కింది వరుస కుట్టును దాచేలా ఉండాలి. టోపీ అంచు నుంచి కూడా పీలికలు ముఖం మీద జారేలా వేస్తే మనిషి ఎవరో తెలియదు, ఆ గుర్తుపట్టలేకపోవడంలోనే పాత సరదా అంతా ఉంది. డిసెంబరు వానలో కాగితం ముద్దయిపోతుంది కనుక దారిలో పైన వేసుకోవడానికి వదులైన రెయిన్‌కోటు తప్పనిసరి. కాగితానికి నిప్పు అంటుకుంటుంది కాబట్టి చలిమంట ఉన్న పబ్‌లో దానికి దూరంగా నిలబడటం అందరికీ ముందే నేర్పాలి.

ముఖానికి మసి పూసుకోవడం పాత ఆచారమే అయినా ఇప్పుడు వద్దు. మోరిస్ అనే ఇంగ్లిష్ జానపద నృత్యపు సంఘాలు, ముఖమంతా నలుపు పూసుకునే పద్ధతి నల్లజాతివారి మనసు నొప్పిస్తుందని, దాన్ని విడిచిపెట్టమని 2020లో తమ సభ్యులను కోరాయి, నాటక బృందాలకూ అదే దారి మేలు. ఆకుపచ్చ, నీలం వాడవచ్చు, పీలికలుంటే అసలు రంగే అక్కరలేదు. అలాగే ప్రతివీరుడు చాలా పాఠాల్లో టర్కీ యోధుడు. అతన్ని యాస పెట్టి వెక్కిరించే పంక్తులున్న చోట బోల్డ్ స్లాషర్ అనే సైనికుడున్న పాఠాంతరాన్ని తీసుకుంటే కథకు ఏ లోటూ రాదు.

కత్తులు చెక్కవే ఉండాలి, అవీ మొండివి. పాత పబ్బుల పైకప్పుకు అడ్డంగా ఓక్ దూలాలు తలకు జానెడు ఎత్తులో ఉంటాయి, అందువల్ల కత్తిని తలపైకెత్తి కొట్టే దెబ్బ పనికిరాదు. ఛాతీ ఎత్తులో, కుడి ఎడమలుగా, లెక్కపెట్టి ఆరు దెబ్బలు: ఇంటి హాల్లో రెండు కుర్చీల మధ్య ఇరుకులో సాధన చేస్తేనే ఇది చేతికి అలవాటవుతుంది.

పబ్బులతో మాట్లాడుకోవడం

ఒక రాత్రికి నాలుగు పబ్బులు చాలు, ఐదు గొప్ప. ఒకదాని నుంచి మరొకదానికి నడిచి పదిహేను నిమిషాలలోపు దూరం ఉండేలా చూసుకోండి. అక్టోబరు చివరికే ఒక్కొక్క పబ్‌కు స్వయంగా వెళ్లి, రద్దీ లేని మధ్యాహ్నం పూట యజమానితో మాట్లాడటం ఉత్తమం. తేదీ, మీరు అడుగుపెట్టే సమయం, ఎన్ని నిమిషాలు ఆడతారు, చివర డబ్బు దేనికోసం పోగుచేస్తారు: ఈ నాలుగూ ఒక కాగితం మీద రాసిచ్చి రండి. క్విజ్ జరిగే రోజు, టీవీలో పెద్ద ఫుట్‌బాల్ మ్యాచ్ ఉన్న రోజు, కంపెనీల క్రిస్మస్ విందులు బుక్కయిన రోజు వదిలేయండి. అసలు భోజనాలకే పేరుపడ్డ పబ్‌ను జాబితాలో పెట్టకపోవడమే మంచిది, ఎందుకంటే ముప్పై పౌండ్ల భోజనం ముందు పెట్టుకున్నవారికి పక్కనే శవం పడటం రుచించదు.

నాటకానికి వారం ముందు ఫోన్ చేయడం మరిచిపోవద్దు. మేము ఒకసారి యజమాని మాట నమ్ముకుని వెళ్తే, ఆ రాత్రి కౌంటర్ వెనక ఉన్న కుర్రవాడికి మా సంగతే తెలియదు, పైగా తెర మీద పెనాల్టీలు నడుస్తున్నాయి. కింగ్ జార్జ్ "చోటివ్వండి, చోటివ్వండి" అంటూ వస్తే "కూర్చోవయ్యా, కనపడటం లేదు" అన్నారు. అరగంట బయట చలిలో నిలబడి, మ్యాచ్ ముగిశాక ఆడాం. అప్పటికి డాక్టరు పంక్తులు సగం మరిచిపోయాడు.

చట్టం విషయం సులువే. ఇంగ్లండ్, వేల్స్‌లలో 2013 జూన్ 27 నుంచి, ఉదయం 8 నుంచి రాత్రి 11 లోపు, 500 మందికి మించని ప్రేక్షకుల ముందు ఆడే నాటకానికి వినోద లైసెన్సు అవసరం లేదు. అయితే స్వచ్ఛంద సంస్థ పేరిట పబ్ నుంచి పబ్‌కు తిరిగి డబ్బు పోగుచేయడం వేరే సంగతి. దానికి అనుమతి కావాలేమో స్థానిక కౌన్సిల్‌ను ముందే అడగాలి, ఆ సంస్థ నుంచి రాతపూర్వక అంగీకారం, సీలు వేసిన డబ్బాలు తెచ్చుకోవాలి. ఎవరి మీదైనా బీరు ఒలికినా, ఎవరి కాలైనా తొక్కినా కాపాడే బీమా కూడా ఉండాలి. మోరిస్ ఫెడరేషన్ వంటి సంఘాల్లో చేరిన బృందాలకు సభ్యత్వంతో పాటే ఇది దొరుకుతుంది.

ఆ రాత్రి

వేషం లేని ఒక మనిషి ముందుగా లోపలికి వెళ్లాలి. అతని పని సంగీతం ఆపించడం, మరుగుదొడ్డి, వంటగది, అత్యవసర ద్వారం దారులు ఎటున్నాయో చూడటం, బల్లల మీది గ్లాసుల్ని అర అడుగు వెనక్కి జరిపించడం. అతను తలుపు దగ్గరికి వచ్చి సైగ చేశాక ఫాదర్ క్రిస్మస్ గట్టిగా మూడుసార్లు తలుపు కొట్టి ప్రవేశించాలి.

మొదటి రెండు పంక్తులే నాటకం భవితవ్యాన్ని తేలుస్తాయి. లోపలికి వచ్చీ రాగానే మాట్లాడకండి. గది మధ్యకు నడిచి, కర్రతో నేలను ఒకసారి కొట్టి, కబుర్లు సగానికి తగ్గేదాకా ఆగి, అప్పుడు గది చివర కూర్చున్నవారికి వినిపించేలా మొదలుపెట్టాలి. ఎవరైనా వెటకారం చేస్తే జవాబు చెప్పే బాధ్యత ఒక్క ఫాదర్ క్రిస్మస్‌దే. ఆరుగురూ నోరు విప్పితే అది తగాదాలా ఉంటుంది. ఫాదర్ క్రిస్మస్ ఒక్కొక్కరిని పిలుస్తుంటే, బయట వరుసలో ఉన్నవారు ఒకరి తర్వాత ఒకరు "వచ్చాను నేను" అనుకుంటూ వచ్చి అర్ధవృత్తంగా నిలబడాలి.

చావు విషయంలో ప్రత్యేక శ్రద్ధ అవసరం. పబ్‌లో సగంమంది నిలబడి ఉంటారు, నటుడు నేల మీద పడితే ముందు వరుస తప్ప ఎవరికీ కనిపించడు, నేల బీరుతో జారుడుగానూ ఉంటుంది. అందుకని దెబ్బ తిన్నవాడు తూలుతూ తూలుతూ బెంచీ దగ్గరికో, ఒప్పుకున్నట్టు కనిపించే కస్టమరు ఒడిలోకో వాలడం మేలు. డాక్టరు సీసా తీసి వైద్యం చేసేది కూడా అప్పుడు అందరి కళ్లెదుటే జరుగుతుంది. చచ్చినవాడు లేచి నిలబడేసరికి చప్పట్లు వస్తాయి. ఆ చప్పట్లు ఆగకముందే గద, పెనం పట్టుకున్న బీల్జెబబ్ అనే పెద్ద దెయ్యం, అతని వెనకే చీపురుతో లిటిల్ డెవిల్ డౌట్ అనే బుల్లి దెయ్యం రావాలి. డబ్బివ్వకపోతే అందర్నీ ఊడ్చిపారేస్తానని బెదిరించే పంక్తి పూర్తవుతుండగానే డబ్బాలు కదలాలి. రెండు నిమిషాలు ఆలస్యమైతే జనం మళ్లీ కబుర్లలో పడతారు. ఇప్పుడు చాలామంది జేబులో చిల్లర ఉండదు కనుక చీపురు కర్రకే కార్డు రీడరు కట్టుకోండి, నవ్వులతో పాటు రాబడీ పెరుగుతుంది.

యజమాని అందరికీ తాగడానికి ఏదైనా ఇస్తానంటాడు. నాలుగు చోట్ల నాలుగు పైంట్లంటే ఒక్కొక్కరికి రెండు లీటర్లు దాటుతుంది, చివరి పబ్‌లో కత్తి దెబ్బలు లెక్క తప్పుతాయి. మేము పబ్‌కు సగం పైంటు, అంటే 284 మిల్లీలీటర్లు, అని నియమం పెట్టుకున్నాం. కారు నడిపేవారికి అదీ లేదు.

చివరి పబ్‌లో డబ్బాలు ఇద్దరి సమక్షంలో తెరిచి లెక్కపెట్టి, మొత్తాన్ని కాగితం మీద రాసి సంతకాలు చేయండి. మరునాడు ప్రతి యజమానికీ ఎంత పోగైందో తెలియజేస్తూ, వచ్చే ఏటి తేదీని అదే ఉత్తరంలో అడగండి. ఇంటికి చేరగానే తడిసిన కాగితపు చొక్కాలను మడత పెట్టకుండా దండెం మీద విడివిడిగా ఆరేయాలి, లేకపోతే పీలికలు ఒకదానికొకటి అతుక్కుని మర్నాటి ఊరికి పనికిరాకుండా పోతాయి.