జ్ఞాపకం పాఠాలు – 4: పొద్దున్న సంగతి షార్ట్‌టర్మ్ కాదు

పోయిన పాఠంలో ఇచ్చిన పన్నెండు మాటల జాబితాలతో చాలామంది తంటాలు పడ్డారు. కొంత తప్పు నాదే. మొదటి జాబితా చదవగానే రాయమన్నాను. రెండోది చదివాక, ముప్పై సెకన్లపాటు మూడు వందల నుంచి మూడేసి తగ్గిస్తూ వెనక్కి లెక్కపెట్టి అప్పుడు రాయమన్నాను. ఏం జరగబోతుందో మాత్రం చెప్పలేదు. చెప్తే పరీక్ష చెడుతుంది. తీరా రెండోసారి చివరి మాటలు ఎగిరిపోయేసరికి కొందరు తమ బుర్రకేదో అయిందని టెన్షన్ పడ్డారు.

అవి ఎగిరిపోవాల్సిందే. 1966లో గ్లాంజర్, కూనిట్జ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు చేసిన ప్రయోగంలోనూ అదే తేలింది. వెంటనే అడిగితే మొదటి మాటలూ చివరి మాటలూ బాగా వచ్చాయి, మధ్యవి తప్పాయి. ముప్పై సెకన్లు లెక్కపెట్టించి అడిగితే మొదటివి అలాగే ఉన్నాయి, చివరివాటికున్న లాభం మాత్రం పోయింది. మొదటి మాటలను లోలోపల తిరగేసుకోవడానికి మీకు సమయం దొరికింది, అందుకే అవి దీర్ఘకాలిక జ్ఞాపకంలోకి చేరాయి. చివరివి ఇంకా చెవిలో మోగుతూనే ఉన్నాయి, అంతే. లెక్క ఆ మోతను తుడిచేసింది. లెక్క సగంలో ఆపేసి రాసినవాళ్లు దయచేసి మళ్లీ చేయండి.

ఇక అసలు గొడవకొస్తాను. ‘నాకు షార్ట్‌టర్మ్ మెమరీ లాస్ ఉందండీ, పొద్దున్న తాళాలు ఎక్కడ పెట్టానో గుర్తుండదు’ అని ఈసారి కూడా రాశారు. పొద్దున్న సంగతి షార్ట్‌టర్మ్ కాదు. నిన్న పరిచయమైన మనిషి పేరు కాదు. పోయిన వారం చూసిన సినిమా కాదు. పది నిమిషాల క్రితం చదివిన పేరా కూడా కాదు. స్వల్పకాలిక జ్ఞాపకం అంటే సెకన్ల వ్యవహారం. ఫోన్‌లో ఓటీపీ చూసి, పెదాల మీద తిప్పుకుంటూ, కొట్టే దాకా ఉండేది. మధ్యలో ఎవరైనా పలకరిస్తే పోయేది. 1959లో పీటర్సన్ దంపతులు మూడంటే మూడు అక్షరాలు చెప్పి, వెనక్కి లెక్కపెట్టిస్తూ తిప్పుకోనివ్వకుండా చేశారు. పద్దెనిమిది సెకన్లు గడిచేసరికి గుర్తున్నవి పదింట ఒకటి.

నేను వాడే కొండగుర్తు ఒకటుంది. మధ్యలో మనసు వేరే పని మీదికి పోయొచ్చిందా? పోయొచ్చాక కూడా గుర్తుందంటే అది దీర్ఘకాలిక జ్ఞాపకం నుంచి వచ్చినట్టే, నిమిషం కిందటి సంగతైనా ముప్పై ఏళ్ల నాటిదైనా. పుస్తకాల్లో ఇంత మోటుగా రాయరు, కానీ పని జరుగుతుంది. తాళాల విషయమంటారా, అది చాలాసార్లు మరపే కాదు. పెట్టేటప్పుడు ధ్యాస ఫోన్‌లో ఉంది కాబట్టి అసలు లోపలికి వెళ్లనే లేదు.

ఇంకా నమ్మకం కుదరకపోతే హెన్రీ మొలైసన్ సంగతి వినండి. మూర్ఛవ్యాధి తగ్గించడానికి 1953లో, ఆయన ఇరవై ఏడో ఏట, మెదడులో రెండువైపులా హిప్పోక్యాంపస్‌లో (కొత్త జ్ఞాపకాలు నిలవడానికి అవసరమైన భాగం) చాలా మట్టుకు తీసేశారు. ఆ తర్వాత అంకెలు చెప్తే మామూలు మనిషిలాగే తిరిగి చెప్పేవాడు. కొత్త మనుషులు, కొత్త సంగతులు మాత్రం నిలిచేవి కావు. ఆయన్ని పరిశీలించిన మనస్తత్వ శాస్త్రవేత్త బ్రెండా మిల్నర్ ఒకసారి 584 గుర్తుపెట్టుకోమంది. పదిహేను నిమిషాల తర్వాత కూడా చెప్పాడు! ఎలాగని అడిగితే, మూడూ కూడితే 17, ఎనిమిది గుర్తుంచుకుని తీసేస్తే 9, దాన్ని రెండుగా విడగొడితే 5, 4 అని వివరించాడు. అంతసేపూ ఆ లెక్కనే తిప్పుతూ కూర్చున్నాడన్నమాట. ధ్యాస కాస్త మళ్లగానే సంఖ్యే కాదు, దాన్ని గుర్తుపెట్టుకోమన్న సంగతి కూడా పోయింది. అంటే ఆయనకు చెడింది మీరు నిందిస్తున్న షార్ట్‌టర్మ్ కాదు, దీర్ఘకాలికం.

ఈయనకు సరిగ్గా వ్యతిరేకమైన మనిషీ ఉన్నాడు. 1970లో షాలిస్, వారింగ్టన్ వర్ణించిన కె.ఎఫ్. అనే రోగి ఒకటి రెండు అంకెలు మించి తిరిగి చెప్పలేడు, అయినా కొత్తవి నేర్చుకుని నిలుపుకోగలిగాడు. కాబట్టి స్వల్పకాలికం నిండాకే పక్క గదిలోకి సామాను వెళ్తుందనే బొమ్మ పూర్తిగా నిజం కాదు. రెండో పాఠంలో ఆ బొమ్మ గీసింది నేనే, కొట్టేయండి.

స్వల్పకాలికంలో ఎన్ని పడతాయి అన్న ప్రశ్న మీద ఎక్కువ సమయం పెట్టను. 1956లో మిల్లర్ ఏడుకు అటూ ఇటూ అన్నాడు, 2001లో కోవన్ నాలుగు దగ్గరన్నాడు. నాది నాలుగు పక్షం. లెక్కపెట్టాల్సింది అంకెల్ని కాదు, గుంపుల్ని. 191419451969 పన్నెండు అంకెలు, చరిత్ర తెలిసినవాడికి మూడు సంవత్సరాలు. ఆ తెలిసిన చరిత్ర దీర్ఘకాలికంలోదే. 1980లో వెలువడిన అధ్యయనంలో ఒక విద్యార్థి 230 గంటలకు పైగా సాధన చేసి 79 అంకెల దాకా వెళ్లాడు. పరుగు పందేలవాడు కాబట్టి అంకెల్ని పందెం టైమింగుల్లా కట్టుకున్నాడు. అక్షరాలిస్తే మళ్లీ ఆరు దగ్గరికే వచ్చి ఆగాడు. పెరిగింది స్వల్పకాలికం బుట్ట కాదు, గుంపులు కట్టే నేర్పు.

అభ్యాసం. కొంచెం కష్టంగానే ఇస్తున్నాను. మీకు రాని భాషలోవి ఇరవై మాటలు, అర్థాలతో రాసుకోండి. పదింటిని నాలుగుసార్లు చదవండి, అంతే. మిగతా పదింటిని ఒకసారి చదివి, అర్థాలు మూసేసి మూడుసార్లు మీకు మీరే అప్పజెప్పుకోండి. తప్పితే చూసి సరిదిద్దుకోండి. తర్వాత ఒక నిమిషం వెనక్కి లెక్కపెట్టి రెండిటినీ పరీక్షించుకోండి. మళ్లీ మర్నాడు, మళ్లీ ఏడో రోజు. మధ్యలో జాబితా తెరవకూడదు. ఐదు నిమిషాలకే పరీక్షిస్తే తిరిగి చదివినవాళ్లు ముందుండటం, వారం తర్వాత అప్పజెప్పుకున్నవాళ్లు ముందుండటం 2006లో రోడిగర్, కార్పికీ చూపించారు. చదవగానే ‘వచ్చేసింది’ అనిపించిన చోట పక్కన చిన్న చుక్క పెట్టండి, ఏడో రోజు వాటిలో ఎన్ని నిలిచాయో విడిగా లెక్కేయాలి.

మూడు పరీక్షల మార్కులూ చుక్కల లెక్కా దగ్గర పెట్టుకునే ఐదో పాఠం తెరవండి, అది వాటితోనే మొదలవుతుంది.